గంట ప్రయాణం

సింగపూరుకూ కౌలాలంపూరుకూ నడుమ గాలిదూరం 297 కిలోమీటర్లు. విమానంలో గంట. ఈ రెండంకెలూ ఎవరిని అడిగినా చెబుతారు. చేతిలో ఫోనున్న పదేళ్ళ పిల్లవాడైతే మనం అడగడం ముగించక ముందే చెబుతాడు. రెండూ నిజమే, కాదనను. కాని ఆ రెండంకెలను మాత్రమే నమ్ముకొని బయలుదేరినవాడు చేరవలసిన వేళకు చేరడని నా లెక్క. ఆ లెక్క ఎట్లాగో విన్నవించుకుందామనే ఈ నాలుగు మాటలూ.

కోలారు బంగారు గనుల వాళ్ళకు సింగపూరు, కౌలాలంపూరుల గొడవ ఎందుకయ్యా అని మీరనవచ్చు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూసిన తర్వాత మన పిల్లలు ఊళ్ళో నిలిచింది తక్కువ. మా వీధినే తీసుకోండి. ఒకప్పుడు ఏ ఇంటి మగవాడు ఎక్కడున్నాడంటే ‘ఫస్టు షిఫ్టు’, ‘నైటు షిఫ్టు’ అని చెప్పేవారు. ఇప్పుడు ‘సింగపూరు’, ‘దుబాయి’, ‘మలేషియా’ అంటున్నారు. వారిని చూడడానికి ముసలివాళ్ళం పోక తప్పదు, పోతే దూరం లెక్క చూసుకోకా తప్పదు.

దూరం లెక్క నాకు కొత్తది కాదు. ఇరవై తొమ్మిదేళ్ళు గనిలో సర్వే ఆఫీసులో గుమాస్తాగా పనిచేసినాను. మాకు దూరాలు మూడు విధాలు. ప్లాను మీద స్కేలు పెట్టి కొలిచేది ఒకటి. షాఫ్టులో నిట్టనిలువుగా దిగే లోతు ఒకటి. మనిషి కాళ్ళతో పోయి చేరే దూరం ఇంకొకటి. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైబడిన లోతు అని పుస్తకాల్లో ఉంటుంది. మూడు కిలోమీటర్లంటే రాబర్ట్‌సన్‌పేట బజారుకు పోయి వచ్చినంత అనుకుంటారు బయటివారు. కాని ఒక్క దింపులో అడుక్కు పోయే కేజ్ లేదు. ఒక షాఫ్టు దిగి, లోపల నడిచి, మరొక లోపలి షాఫ్టు ఎక్కి, మళ్ళీ దిగి, రాయి 60 డిగ్రీలు దాటి కాగే చోటికి చేరుకోవాలి. ఎయిర్‌బ్లాస్టు అయిన రోజున లోపల చిక్కినవారి కోసం పోయే దళం ‘ఎన్ని అడుగులు’ అని ఏనాడూ అడగలేదు, ‘ఎంతసేపు’ అనే అడిగేవారు. మా ప్లాన్ల మీద అడుగులే ఉండేవి.

విమానం సంగతీ ఇంతే. టికెట్టు మీద రాసే గంట, తలుపు మూసి విమానం కదిలిన క్షణం నుంచి మళ్ళీ తలుపు తెరిచే దాకా. అందులో గాలిలో ఉండేది ముప్పావు గంట. ఆ ముప్పావులోనూ ఎక్కడం కొంత, దిగడం కొంత పోగా, నిండు వేగంతో పోయేది ఆ నడుమ మిగిలిన కాసేపే. ఎక్కినవారికి కాఫీ ఇచ్చి, గ్లాసులు తిరిగి తీసుకొనే వ్యవధి కూడా ఆ పిల్లలకు సరిగా ఉండదు. అందుచేత సరాసరి వేగం గంటకు 300 కిలోమీటర్లే పడుతుంది. అదే బెంగళూరు నుంచి సింగపూరుకు లెక్క వేయండి. 3,200 కిలోమీటర్లకు కొంచెం లోపు, నాలుగున్నర గంటలు. గంటకు 700 పడుతుంది. దూరం పదింతలు పెరిగితే కాలం నాలుగున్నర ఇంతలే పెరిగింది. కాబట్టి కిలోమీటర్లను బట్టి గంటలు కట్టేవాడు దగ్గర ప్రయాణంలోనే ఎక్కువ నష్టపోతాడు.

గాలి కూడా లెక్కలోకి వస్తుంది సుమా. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మన దక్షిణాది మీద చాలా ఎత్తున తూర్పు నుంచి పడమటికి గాలి ఏరులాగా ఉరవడిగా వీస్తుంది. దాని స్వరూపాన్ని 1958లో లోకానికి వివరించినవారు మన తెలుగువారు, పి. కోటేశ్వరం గారు. తర్వాత భారత వాతావరణ శాఖకు అధిపతి అయినారు. ఆ గాలికి నట్టనడుమ విమానాలు పోవుగాని, దాని అంచు వాటికీ తగులుతుంది. వానకాలంలో సింగపూరు నుంచి వచ్చే విమానం ఒక్కొక్కసారి చెప్పిన వేళకు ముందే దేవనహళ్ళిలో దిగిందంటే కొంత పుణ్యం ఆ గాలిదే.

ఇక గడియారం తికమక ఒకటి. బెంగళూరులో రాత్రి 11కు ఎక్కినవాడు సింగపూరులో పొద్దున 6కు దిగుతాడు. ఏడు గంటలు అనిపిస్తుంది. అక్కడ రాత్రి 8కి ఎక్కితే ఇక్కడ 10కి దిగుతాడు. రెండే గంటలు! మా ఎదురింటి పెద్దమ్మ మొదటిసారి ఈ వేళలు విని, ‘పోయేటప్పుడు ఎగువ, వచ్చేటప్పుడు దిగువ కాబోలు’ అన్నది. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు ఉండడమే దీనికి కారణం. ఈ ‘అర’ మాత్రం మొదటి నుంచీ ఉన్నది కాదు. 1982 జనవరి 1న సింగపూరు, మలయా ద్వీపకల్పం రెండూ తమ గడియారాలను అరగంట ముందుకు జరుపుకున్నవి. అంతకు ముందు మనకూ వారికీ సరిగ్గా రెండు గంటలే తేడా. ఈ అరగంటతో నాకు తర్వాత పని ఉన్నది, కాస్త గుర్తుంచుకోండి.

ఇంతకూ ఇల్లు విడిచింది మొదలు ఇల్లు చేరేదాకా ఎంత? అది ఏ టికెట్టు మీదా ఉండదు. కౌలాలంపూరుకు వెనుకటి విమానాశ్రయం సుబాంగులో ఉండేది. 1998లో సెపాంగుకు పోయింది, ఊరికి 50 కిలోమీటర్లకు పైన. మనకూ 2008 మేలో బెంగళూరు హెచ్.ఏ.ఎల్. నుంచి దేవనహళ్ళికి మారింది. గనుల నుంచి పోయే మాకు దానివల్ల పెద్ద తేడా రాలేదు, కోలారు దాటి విజయపురం మీదుగా పోతాము. పాపం, దెబ్బ తగిలింది బెంగళూరు ఊరి నడుమ ఉండేవాళ్ళకే. సింగపూరుకూ కౌలాలంపూరుకూ తొంభై నిమిషాల్లో పోయే రైలు వేద్దామని ఆ రెండు ప్రభుత్వాలూ 2016లో ఒప్పందం రాసుకున్నవి. 2020 ముగియడంతో ఆ ఒప్పందమూ ముగిసింది.

మన రైలు మాటా చెప్పాలి కదా. మారికుప్పం నుంచి బెంగళూరుకు రైలు దారి తొంభై కిలోమీటర్లకు అటూ ఇటూ. రెండున్నర గంటలు తీసుకుంటుంది. గనులు మూసినప్పటి నుంచి వందలకొద్దీ మనవాళ్ళు తెల్లవారక ముందే ఛాంపియన్, ఊరుగాం, కోరమాండల్ స్టేషన్లలో ఎక్కి, చీకటిపడ్డాక దిగుతున్నారు. అంటే రోజుకు ఐదు గంటలు బండిలోనే. అంతసేపట్లో దేవనహళ్ళిలో లేచిన విమానం సింగపూరులో దిగి, మనిషి తన పెట్టె కోసం నిలబడి ఉంటాడు. మా పక్కింటి అబ్బాయి ఇరవై ఏళ్ళుగా ఈ రైలుకు పోతున్నాడు. వాడు ఎన్నిసార్లు సింగపూరు పోయివచ్చినట్టో మీరే లెక్క కట్టుకోండి.

మా ఇంట్లో మొట్టమొదట అంత దూరం పోయింది మా అక్క. 1964లో. బావగారి తండ్రి మలయాలో రైల్వే కొలువులో స్థిరపడిన తెలుగువాడు. సంబంధం ముళబాగిలు వైపు బంధువుల ద్వారా కుదిరింది. నాకు అప్పుడు పన్నెండేళ్ళు. మారికుప్పంలో రైలెక్కి, బంగారుపేటలో మారి, మద్రాసు పోయి, ‘రజులా’ అనే ఓడలో అక్కను ఎక్కించి వచ్చినాము. ఆ ఓడ 1926 నుంచి 1973 దాకా ఆ దారినే తిరిగింది. నాగపట్నంలో ఆగి, పెనాంగులో ఆగి, పోర్టు స్వెట్టెన్‌హాం రేవులో అక్కను దించింది. ఇల్లు విడిచిన ఎనిమిదో దినానికి అత్తగారిల్లు చేరినానని జాబు రాసింది. ఆ జాబు మాకు అందడానికి మరో పన్నెండు దినాలు. అంతవరకూ మా అమ్మ రోజూ పోస్టుమేను వచ్చే వేళకు గడపలోనే కూర్చునేది.

1969లో మా నాన్న పోయినాడు. అక్కకు తంతి మరుసటి రోజు అందింది. తర్వాతి ఓడ పది దినాలకు. విమానం అప్పుడూ లేకపోలేదు గాని, దాని ఛార్జీ మా బావ జీతానికి అందేది కాదు. అక్క రాలేకపోయింది. మరుసటి ఏడు వచ్చి, తండ్రి లేని ఇంట్లో నెల రోజులుండి పోయింది. ఆ నెలలో ఒక్కసారైనా ఏడవలేదు. పోయేరోజున మాత్రం నాన్న గనికి పట్టుకుపోయే టిఫిను క్యారియరు అడిగి తీసుకొని పోయింది.

ఇక 2024 జూలై. నేను సింగపూరులో మా అబ్బాయి ఇంట్లో ఉన్నాను. శనివారం కౌలాలంపూరు పోయి అక్కను చూడాలని టికెట్టు కొని ఉన్నాము. అక్కకు ఎనభై. బావ పోయి చాలా కాలమైంది, కూతురి దగ్గర ఉంటున్నది. నేను రెండు కిలోల రాగిపిండి తీసుకొని పోయినాను, అది అక్క అడిగినది. బుధవారం రాత్రి 11 గంటల 20 నిమిషాలకు మేనకోడలు ఫోను చేసింది. ‘మామా, అమ్మను ఆసుపత్రికి తెచ్చినాము. గుండె. పొద్దున ఎనిమిదికి ఆపరేషను అంటున్నారు. తెలివిలోనే ఉన్నది, నిన్ను అడుగుతున్నది’ అన్నది.

అబ్బాయి వెంటనే ఫోనులో విమానాలు చూసినాడు. ఆ రాత్రికి ఇక లేవు. ‘పొద్దున మొదటి విమానం ఉంది నాన్నా, గంటే కదా’ అన్నాడు. నేను ఒక కాగితం తీసుకున్నాను. ఆరున్నర, ఏడు మధ్య విమానం లేస్తుంది. ఎనిమిదికి దిగుతుంది. పాస్‌పోర్టు ముద్ర, నడక అర్ధగంట పైన. సెపాంగు నుంచి ఊళ్ళోకి రైలైతే 28 నిమిషాలే, కాని రైలు దిగి ఆసుపత్రికి మళ్ళీ కారు. తొమ్మిదిన్నరకు ముందు ఏ విధంగానూ కుదరదు. ఎనిమిదికి లోపలికి తీసుకుపోతారు. రోడ్డు దారిన 350 కిలోమీటర్లు, పగలైతే ఎల్ల దగ్గరే రెండు గంటలు పోవచ్చు, కాని ఇది నడిరాత్రి. ‘కారు దొరుకుతుందా?’ అన్నాను.

అబ్బాయికి కారు లేదు. అదే భవనంలో ఉండే కుప్పం పిల్లవాడికి ఉన్నది. తలుపు కొట్టితే నిద్రకళ్ళతో వచ్చి, సంగతి విని, చొక్కా తొడుక్కొని తానే నడుపుతానన్నాడు. ముప్పాతిక ట్యాంకు పెట్రోలు లేకుండా సింగపూరు కారు ఎల్ల దాటరాదని అక్కడి చట్టం. అందుకోసం పది నిమిషాలు బంకులో పోయినవి. ఆ పది నిమిషాలు నాకు గనిలో కేజ్ కోసం నిలబడినట్టే ఉన్నది. 2023 డిసెంబరు నుంచి మలేషియాకు మనవాళ్ళకు వీసా అక్కరలేదు, లేకుంటే ఈ మాటే లేదు. నింపవలసిన రాకచీటీ అబ్బాయి కారులోనే ఫోనులో నింపినాడు. తువాస్ వంతెన మీద మా ముందు మూడు బండ్లున్నవి. ఒంటిగంటకు అవతల ఉన్నాము.

ఆ దారి పొడవునా తాటి జాతి నూనె చెట్లే. చీకట్లో వరుసలు వరుసలుగా కదిలిపోతూ ఉండినవి. ఎవరూ మాట్లాడలేదు. ఒక్కచోట ఆగి టీ తాగినాము, అదీ నడిపే పిల్లవాడి కోసం. ఆసుపత్రి చేరేసరికి ఐదు.

నర్సు ఒక్కరిని మాత్రం రానిచ్చింది. అక్క కళ్ళు తెరిచే ఉన్నది.

‘ఏమిరా, ఎప్పుడు బయలుదేరితివి?’

‘రాత్రి పన్నెండుకు ముందు, అక్కా.’

‘ఇంతలోనేనా! నేను ఎనిమిది దినాలు వచ్చినాను రా ఈ ఊరికి’ అన్నది. అరవై ఏళ్ళు మలయాలో ఉన్నా మాట మాత్రం మా కోలారు మాటే. రాగిపిండి తెచ్చినావా అన్నది. సైనైడు గుట్టల దుమ్ము ఆషాఢం గాలికి ఇప్పటికీ ఇండ్లల్లోకి వస్తుందా అన్నది. వస్తుందన్నాను. తర్వాత అన్న దగ్గు ఎట్లున్నదని అడిగింది.

మా అన్నకు ఎనభై మూడు. ఆండర్సన్‌పేటలో ఉంటాడు. ఛాంపియన్ రీఫులో అండర్‌గ్రౌండు పని, గని మూసేదాకా చేసినాడు. ‘మాట్లాడతావా, ఫోను కలుపుతాను’ అన్నాను. అక్క గోడ గడియారం చూసింది. ఐదున్నర. వేళ్ళు మడిచి లెక్క పెట్టుకున్నది. ‘ఇప్పుడు అక్కడ మూడున్నర. అన్న నాలుగుకు లేస్తాడు. అర్ధగంట ఆగు’ అన్నది. 1964లో అన్న చెప్పి పంపిన రెండు గంటల లెక్కే అది. 1982లో మారిన అరగంటను అక్క ఏనాడూ పట్టించుకోలేదు. నిజానికి అక్కడ మూడే. నేను సరిదిద్దలేదు. అర్ధగంట ఇద్దరమూ నాన్న మాటలు, అమ్మ మాటలు చెప్పుకుంటూ గడిపినాము. ఆరుకు ఫోను కలిపితే అన్న ఒక్క మోతకే ఎత్తినాడు. దారిలో ఉన్నప్పుడు నేను పంపిన కబురు చూసిన దగ్గర నుంచి ఆయన పడుకోలేదు. వారిద్దరూ ఏం మాట్లాడుకున్నారో రాయను. చాలాసేపే మాట్లాడుకున్నారు.

ఎనిమిదికి తీసుకుపోయినారు. ఆ తర్వాత అక్కకు తెలివి రాలేదు. శనివారం, నేను విమానంలో పోవలసిన రోజున, పోయింది.

బెంగళూరు నుంచి కౌలాలంపూరుకు 2,880 కిలోమీటర్లు, నాలుగు గంటల పైచిలుకు. గనుల నుంచి సాయంత్రం బయలుదేరితే మరునాడు సూర్యోదయానికి పోవచ్చు. అన్న రాలేదు. ఆయనకు పాస్‌పోర్టు లేదు. మూడు కిలోమీటర్లు భూమి లోపలికి వేలసార్లు దిగి ఎక్కినవాడు నేల మీద నుంచి మూడడుగులు పైకి ఎగిరి ఎరుగడు. ఎవరూ అడగలేదు, ఆయనా అడగలేదు. అక్కడి శ్మశానంలో అక్కను పడుకోబెట్టినప్పుడు మేనకోడలి కొడుకు ఫోను ఎత్తి పట్టుకున్నాడు. అన్న ఇక్కడ ఇంటి ముందర గదిలో తువ్వాలు భుజాన వేసుకొని, నిలబడే చూసినాడట. వదిన తర్వాత చెప్పింది.

నేను ఊరు చేరిన మరునాడు పోతే, ఆయన అడిగిన మొదటి మాట, ‘దూరం ఎంత?’ అని కాదు. ‘ఇక్కడ తలుపు వేసి పోతే అక్కడ తలుపు తట్టేదాకా ఎంతసేపు?’ అన్నాడు. గనివాడు కదా. ఆండర్సన్‌పేట నుంచి దేవనహళ్ళికి రెండున్నర గంటలు, అక్కడ మూడు, విమానం నాలుగు పైచిలుకు, దిగి ఇల్లు చేరడానికి రెండు. సుమారు పన్నెండు గంటలని కాగితం మీద వేసి చూపినాను. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆ తర్వాత పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టినాడు. పుట్టినతేదీ కాగితాల దగ్గర కొంత తిరగవలసివచ్చింది, గని వాళ్ళిచ్చిన సర్వీసు కాగితం ఉపయోగపడింది. అక్క సంవత్సరీకానికి ఇద్దరమూ కలిసి పోయినాము. ఎక్కేముందు ఒక్క షరతు పెట్టినాడు: విమానం దిగగానే నేరుగా ఇంటికి పోరాదు, ముందు అక్క దిగిన రేవు చూడాలి. పోర్టు స్వెట్టెన్‌హాముకు 1972 నుంచి పోర్టు క్లాంగు అని పేరు. విమానాశ్రయం నుంచి అక్కడికి కారులో గంట పైన పడుతుందని చెప్పినాను. సరే, పోదామన్నాడు.